పుంత జరుగుతోంది, తప్పుకోండి

మా ఊరి పుంత దారి నాలుగేళ్ళలో మూడుసార్లు పక్కకు జరిగింది. గోదావరి కూడా ఇంత తొందరగా పాయ మార్చుకోదు. మొదట చేను మధ్య నుంచి మూలగా పోయేది కాస్తా గట్టు వారకు వెళ్ళింది. వరి తీసేసి రొయ్యల చెరువు తవ్వగానే చెరువు గట్టెక్కింది. మొన్న వేసవిలో ఏకంగా మురుగు కాల్వ అవతలికి దూకింది. కాల్వ మీద వంతెన వేయిస్తారట. ప్రస్తుతానికి తాటి దుంగ ఉంది.

దీన్ని ఆక్రమణ అంటే ఆ చేను ఆసామి గారు నొచ్చుకుంటారు. "దారి తీసేశామా ఏంటండీ? మళ్ళించామంతే, ఆయ్" అంటారు. నిజమే. కాల్వ మళ్ళించాలంటే ఎత్తుపల్లాలు చూడాలి, తూము పెట్టాలి, కింది రైతుల్ని అడగాలి. పుంతకు ఆ బాధ లేదు. నీరు పల్లమెరుగు, పుంత పలుకుబడి ఎరుగు.

ఆసామి గారి లెక్క ప్రకారం ఈ మళ్ళింపు వల్ల ఎవరికీ నష్టం లేదు, మహా అయితే రెండు నిమిషాలు. లెక్క కట్టి చూద్దాం. పదెకరాలు చదరంగా ఉంటే ఒక్కో వైపు 660 అడుగులు, అంటే సర్వే గొలుసుతో సరిగ్గా పది గొలుసులు. మూల నుంచి మూలకు అడ్డంగా నడిస్తే 933 అడుగులు. రెండు గట్లూ చుట్టి వస్తే 1320. తేడా 387 అడుగులు. బుల్లెట్ బండి మీద కూర్చుని చూస్తే అది అసలు దూరమే కాదు. నెత్తిన తడి గడ్డిమోపు, చంకలో క్యారేజీ, కాలి కింద వాన పడ్డ నల్లరేగడి ఉన్న మనిషి రోజుకు నాలుగుసార్లు తిరిగితే అది 1548 అడుగులు, వెరసి ఇంకో దారి. ఇంతకీ ఎనిమిదడుగుల పాత పుంత పదెకరాల్లో తిన్నది ఎంతని? పదిహేడు సెంట్లు.

మూడోసారి జరపడానికి చెప్పిన కారణం మాత్రం నాకు బాగా నచ్చింది. గట్టు మీద బయటి జనం నడిస్తే రొయ్యలకు వైట్ స్పాట్ వస్తుందట. "మీ కాళ్ళకు వైరస్ ఉంటదండి" అని కాపలా కుర్రాడు ఎంతో మర్యాదగా చెప్పాడు. మూడు తరాలుగా ఊరు నడిచిన కాళ్ళు ఇవి. వీటివల్ల వరికి ఏ తెగులూ వచ్చినట్టు ఎవరూ చెప్పలేదు. రొయ్య సుకుమారం, ఎగుమతి సరుకు. మనం స్థానిక సరుకు.

బండి ఎలా పోతుందని అడిగితే, "ఇప్పుడు బండ్లెక్కడున్నాయండీ" అన్నారు ఆసామి గారు. సరే, పాడె? పేటవాళ్ళ శ్మశానం పుంత చివరే ఉంది. దుంగ మీద నలుగురు పక్కపక్కన పట్టరు. అందుకని మా ఊళ్ళో ఇకమీదట పోయేవాళ్ళు ఇద్దరు మోయగలిగేటంత బరువుండాలి, ఎండాకాలంలోనే పోవాలి.

చట్టాలు లేక కాదు. ప్రజలు నడిచే రోడ్లూ, సందులూ, బాటలూ ప్రభుత్వానివేనని 1905 నాటి భూ ఆక్రమణల చట్టం రెండో సెక్షనులోనే రాసుంది. ఆసామి గారికి ఇంకో చట్టం తెలుసు: 1882 నాటిది. పక్కవాడి చేలోంచి ఇరవై ఏళ్ళు అడ్డులేకుండా నడిస్తే దారి హక్కు వస్తుంది, ఇరవై ఏళ్ళు నడవకపోతే పోతుంది. అది ఇద్దరు రైతుల మధ్య సంగతి, ఊరి పుంతకు సంబంధం లేదు. అయినా ఆయన మొదటి సగం వదిలేసి రెండో సగాన్ని కంఠతా పట్టారు.

ఇంగ్లండులో పొలానికి అడ్డంగా పోయే కాలిబాట జరపాలంటే 1980 నాటి హైవేస్ చట్టం 119వ సెక్షను కింద ఉత్తర్వు కావాలి. కొత్త దారి నడిచేవాళ్ళకు మరీ ఇబ్బంది కాకూడదు. పంట కోసం బాటను దున్నిన రైతు 14 రోజుల్లో కనీసం మీటరు వెడల్పున మళ్ళీ చదును చేసి చూపించాలి. ఇది చెబితే ఆసామి గారు ముచ్చటపడ్డారు. 14 రోజులంటే ఆయనకు పొక్లెయిన్ తెప్పించి చెరువు తవ్వడానికి సరిపోతుంది.

నక్షలో మాత్రం పుంత పాత చోటే ఉంది. చెరువు నట్టనడుమ నుంచి చుక్కల గీతై పోతోంది. ప్రస్తుతం దాన్ని రొయ్యలే సక్రమంగా వాడుకుంటున్నాయి. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అనేవాళ్ళు పెద్దలు. ఇప్పుడు ఉలిపికట్టె ఎటంటే ఊరూ అటే.

అర్జీ పెట్టాం. ఆరు నెలలకు ఒక ఉద్యోగి విచారణకు వచ్చారు. బూట్లు కొత్తవి, దుంగ ఎక్కలేదు. కాల్వకు ఇవతలే నిలబడి, అట్ట మీద కాగితం పెట్టి "సదరు దారి" అని మొదలెట్టారు. ఇంతలో అవతలి నుంచి ఒకావిడ గడ్డిమోపుతో దుంగ మీదుగా వచ్చి, "కాస్త తప్పుకోండి బాబూ" అంది. ఆయన తప్పుకున్నారు. ఆవిడ వెళ్ళాక వాక్యం పూర్తి చేశారు: "ప్రజల వాడుకలో లేదు."