కారు దిగకుండా పువ్వు పేరు చెప్పే విధానం

కొలరాడోలో కూతురింటికి వేసవిలో వెళ్ళిన పెద్దలు రాకీ పర్వతాలు చూడకుండా తిరిగి రారు. ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు మీద కారు 3,713 మీటర్ల ఎత్తు దాకా ఎక్కుతుంది. దారిలో ఎక్కడో రాళ్ళ మధ్య పసుప్పచ్చని పూలగుత్తి కనపడుతుంది. "అదేం పువ్వు తాతయ్యా?" అంటుంది మనవరాలు. తెలీదంటే పెద్దరికం ఏమైపోవాలి? వెంటనే "ఆవ జాతి, వెస్టర్న్ వాల్‌ఫ్లవర్" అనేయండి. మిగతాదంతా ఆ మాట నిలబెట్టుకునే ఉపాయమే.

మొదటిది, కారు దిగవద్దు. కదిలే కారులోంచి పసుపుగా కనిపించిందల్లా ఆవపువ్వే. దిగి చూస్తే ఆల్పైన్ ఏవెన్స్ అయి కూర్చుంటుంది. దానికి అయిదు రేకులు. ఆవ కుటుంబానికి నాలుగే, అదీ శిలువ ఆకారంలో.

నాలుగు కనిపించాయా, అక్కడితో ఆపండి. లోపలికి తొంగి చూశారో, కేసరాలు లెక్కపెట్టబుద్ధవుతుంది. పెరట్లో ముల్లంగి పువ్వుకి ఉన్నట్టే దీనికీ ఆరు: నాలుగు పొడుగు, రెండు పొట్టి. ఎనిమిది తేలిందనుకోండి, అది ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్. దానికీ నాలుగు రేకులే, రంగూ పసుపే. కాకపోతే అండాశయం రేకులకి కింద ఉంటుంది. లెక్కపెట్టనివాడికి మాత్రం ఎప్పుడూ ఆరే.

కాయల జోలికి అసలు పోవద్దు. పైన పువ్వులు విచ్చుకుంటుండగానే కింద కాయలు తయారవడం ఈ కుటుంబానికున్న పాడలవాటు. ఒకే కాడ మీద రెండు సాక్ష్యాలూ దొరికిపోతాయి. వాల్‌ఫ్లవర్ కాయ సన్నగా, పొడుగ్గా ఉంటుంది. వేళ్ళ మధ్య దొర్లిస్తే నాలుగు పలకలు తగులుతాయి. ఎండాక రెండు పక్కల తొక్కలూ ఊడిపోయి మధ్యన పల్చటి పొర నిలబడుతుంది. ఇవన్నీ చూస్తూ కూర్చుంటే పులిహోర చల్లారిపోదూ!

భూతద్దం మరీ ప్రమాదం. ఆకు మీది నూగు కూడా కనపడుతుంది: ఒక్కో వెంట్రుక నడుమ అతుక్కుని రెండు కొసలూ ఆకు మీద పడుకుని ఉంటుంది. డ్రాబా అనే చిన్న చుట్టం ఉంది, దాని నూగులో కొమ్మలూ నక్షత్రాలూ కూడా చూడాలి. మిస్సోరీ బొటానికల్ గార్డెన్‌లోని ఇహ్సాన్ అల్-షెహ్‌బాజ్ లాంటి వారు ఏళ్ళ తరబడి ఈ కుటుంబాన్నే పట్టుకు కూర్చున్నారు. 2010లో వచ్చిన 'ఫ్లోరా ఆఫ్ నార్త్ అమెరికా' ఏడో సంపుటంలో ఆ శ్రమంతా ఉంది. మనకి అంత తీరికేదీ?

చెట్లు ఆగిపోయే ఎత్తు దాటాక ఇదే మొక్క ఒక్కోచోట ఊదారంగులో పూస్తుంది. కంగారు పడకుండా "ఇది వేరే జాతి" అనండి. పూర్వం పండితులూ అలాగే వేరే పేర్లు పెట్టారు. తరవాత వాటిని ఎరిసిమమ్ కాపిటేటమ్‌లో, అంటే మన వెస్టర్న్ వాల్‌ఫ్లవర్‌లోనే కలిపేశారనుకోండి, అది వాళ్ళ గొడవ.

ఫోన్లో ఫొటో తీస్తే యాప్ "కావచ్చు" అంటుంది. ఆ ఒక్క మాటా మింగేసి మిగతాది గట్టిగా చదవండి.

ఇంకా అనుమానముంటే వేళ్ళతో సహా పీకి ఇంటికి తెచ్చుకోండి. కింది ఎత్తుల్లో ఈ మొక్కలు చాలావరకు ఒక్కసారే పూసి, గింజ రాల్చి చచ్చిపోతాయట. గింజ రాలకముందే పీకితే ఆ చోట మళ్ళీ ఎవరూ మిమ్మల్ని ప్రశ్న అడగరు. నేషనల్ పార్కులో పువ్వు కోయడం నేరమంటూ రేంజరు వస్తే, పూజకని చెప్పండి. జరిమానా అల్లుడు కట్టుకుంటాడు.