మా రోజుల్లో తారీఖు కదిలేది కాదు

గోడకి క్యాలెండరు తగిలిస్తే డిసెంబరు దాకా దాని మాట నమ్ముకున్న కాలం ఒకటుండేది. ఇప్పుడు మా ఘనాలో జనవరిలో కొన్న క్యాలెండరు జూన్ దాటేసరికి అబద్ధాలు మొదలుపెడుతోంది. 2025లో అచ్చంగా అదే జరిగింది. ఏడాది మొదట్లో సెలవు కాని జూలై 1 ఉన్నట్టుండి సెలవైంది. సెలవైన ఆగస్టు 4 కాస్తా మామూలు రోజైపోయింది. ఏమిటంటే, ప్రభుత్వం మారింది కదండీ అన్నారు. బదిలీలు గుమస్తాలకి చూశాం, తాసీల్దార్లకి చూశాం. పండగలకి బదిలీ ఏమిటండీ?

నేను ఆంధ్రా నుంచి లెక్కల మాస్టారుగా కుమాసి వచ్చి, ఇక్కడే ముసలివాణ్ణయినవాణ్ణి. ఈ దేశం అన్నం తిన్నాను కాబట్టి సణిగే హక్కు నాకుంది.

మా రోజుల్లో తారీఖుకి ఒక లెక్క ఉండేది. స్వాతంత్ర్యం మార్చి 6నే ఎందుకొచ్చిందో అడిగితే పిల్లలు గడగడా చెప్పేవారు. 1844 మార్చి 6న తీరప్రాంతపు ఫాంటే నాయకులు ఇంగ్లీషువాళ్ళతో ఒప్పందం రాసుకున్నారు. సరిగ్గా 113 ఏళ్ళకి, 1957లో, అదే తారీఖున స్వాతంత్ర్య పోరాట నాయకుడు ఎన్‌క్రుమా జెండా మార్చాడు. ఆ రోజు కోసం మా బడి ఆవరణలో పిల్లలు వారాల తరబడి కవాతు నేర్చేవారు. ఒక్కడి చెయ్యి తప్పు లేచిందా, డ్రిల్లు మాస్టారు వరసంతటినీ మళ్ళీ మొదట్నుంచి నడిపించేవాడు. ఇప్పుడూ కవాతు ఉంది, కాదనను. కానీ పిల్లవాడు ఎండలో నడుస్తుంటే తండ్రి ఫోనులో బీచి హోటలు గది వెతుకుతుంటాడు.

ఇక జూలై 1 సంగతి. 1960లో ఆ రోజున ఈ దేశం రిపబ్లిక్ అయింది. తర్వాత దాన్నే పెద్దవయసువాళ్ళ దినం కూడా చేశారు. దేశాధ్యక్షుడు ముసలివాళ్ళని పిలిచి భోజనం పెడతాడు. క్యాలెండరు మొత్తంలో మావంటి వాళ్ళకి దక్కిన ఒక్క రోజు అది. 2019లో చట్టం సవరించి ఆ సెలవు కాస్తా ఎత్తేశారు. భోజనం మాత్రం ఉంచారు లెండి. కొడుకులూ కోడళ్ళూ ఆఫీసులకి పోతే ముసలాళ్ళని ఆ భోజనానికి ఎవరు తీసుకెళ్ళాలో చట్టంలో రాయలేదు.

అప్పుడే మరో గొడవ ముదిరింది. ఈ దేశాన్ని కట్టింది ఒక్కడా, పదిమందా? ఎన్‌క్రుమా ఒక్కడే అనేవారికి ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 21 కావాలి. కాదు, చాలామంది ఉన్నారనేవారికి ఆగస్టు 4 కావాలి. 1897లో భూముల హక్కుల కోసం పెట్టిన సంఘమూ, 1947లో సాల్ట్‌పాండ్‌లో పుట్టిన రాజకీయ పార్టీ యూజీసీసీ, రెండూ ఆ తారీఖువే. 2019 చట్టం ఆగస్టు 4ని వ్యవస్థాపకుల దినం చేసి, సెప్టెంబరు 21ని ఎన్‌క్రుమా స్మారక దినంగా మిగిల్చింది. 2025 చట్టం ఆగస్టు 4ని తీసేసి వ్యవస్థాపకుడి పట్టం మళ్ళీ సెప్టెంబరు 21కి కట్టింది. పాత ప్రభుత్వం వాళ్ళు మళ్ళీ వస్తే మళ్ళీ మారుస్తారు. ఉమ్మడి ఆస్తి పంపకంలో పెద్దకొడుకూ చిన్నకొడుకూ గట్టు జరుపుకున్నట్టుంది వరస.

ఇదంతా విని మా మనవడు నవ్వుతాడు. "తాతయ్యా, మీ రోజుల్లో మాత్రం సైన్యంతో గద్దెనెక్కిన రాలింగ్స్ తన తిరుగుబాటు రోజులు రెండూ, జూన్ 4, డిసెంబరు 31, సెలవులు చేసుకోలేదా?" అంటాడు. చేసుకున్నాడు. కానీ డిసెంబరు 31 మీద ప్రతిపక్షం సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 1993 చివర్లో ఐదుగురు జడ్జీలు ఒకవైపు, నలుగురు ఒకవైపు నిలిచి, ప్రజల సొమ్ముతో ఆ పండగ చెయ్యకూడదని తీర్పిచ్చారు. రాలింగ్స్ గద్దె మీద ఉండగానే! జూన్ 4 కూడా 2001లో పోయింది. అంటే మా కాలంలో తారీఖు కదిలితే ఊరంతా వాదించుకునేది. ఇప్పుడు కదిలితే "లాంగ్ వీకెండా కాదా?" అన్నదొక్కటే ప్రశ్న.

ఆ రోగానికీ చట్టమే మందేసింది. కొత్త సవరణ ప్రకారం కొన్ని సెలవులు శని, ఆదివారాల్లో పడితే సోమవారానికి జరుగుతాయి. వారం మధ్యలో పడినవాటిని శుక్రవారానికో సోమవారానికో నెట్టే వీలూ ఉంది. 2025లో సెప్టెంబరు 21 ఆదివారం పడితే మర్నాడు సెలవిచ్చారు. ఎన్‌క్రుమా ఒక రోజు ఆలస్యంగా పుట్టాడన్నమాట.

రైతు దినం చూడండి. 1983 నేను కళ్ళారా చూశాను. వానల్లేక చేలు ఎండిపోయాయి, అడవులు అంటుకున్నాయి. అదే ఏడు నైజీరియా లక్షలాదిమంది ఘనావాళ్ళని వెళ్ళగొట్టింది. మెడకింద ఎముకలు బయటికి పొడుచుకొస్తే జనం వాటిని రాలింగ్స్ గొలుసు అని పిలిచి నవ్వుకునేవారు. మరుసటి ఏడాది పంట పండింది. ఆ రైతులకి దండం పెట్టడానికి 1985లో డిసెంబరు మొదటి శుక్రవారాన్ని రైతు దినం చేశారు. మొదటి ఉత్తమ రైతుకి ఇచ్చిన బహుమతి రెండు కత్తులు, ఒక జత రబ్బరు బూట్లు, ఒక రేడియో. పుచ్చుకున్నవాడు మర్నాడు వాటితోనే పొలానికి పోవచ్చు. 2002 నుంచి మూడు పడకగదుల ఇల్లు ఇవ్వడం మొదలుపెట్టారు, ఆ తర్వాత లక్షల సెడీల నగదు దాకా వచ్చింది. రైతుకి ఇల్లొస్తే నాకేం కడుపుమంట లేదు. 2024లో డిసెంబరు 7న ఎన్నికలున్నాయని రైతు దినాన్ని నవంబరు 8కి లాగేశారే, ఆ మంట.

ఈస్టర్ కూడా అంతే. క్వాహువాళ్ళు వ్యాపారస్తులు. క్రిస్మస్‌కి బేరాలు జోరుగా ఉంటాయని అక్రాలో, కుమాసిలో కొట్లు తెరుచుకునే ఉండి, ఈస్టర్‌కి కొండమీది సొంతూళ్ళకి వెళ్ళేవారు. అన్నదమ్ముల తగాదాలు తీర్చుకునేవారు, సంబంధాలు కలుపుకునేవారు, ఊరి బడికి చందాలు పోగుచేసేవారు. 2005 నుంచి ఒడ్వెయనోమా కొండమీంచి పారాగ్లైడింగ్ పెట్టారు. ఇప్పుడు క్వాహుతో ఏ చుట్టరికమూ లేనివాళ్ళు వచ్చి కొండ కింద ఎన్‌కావ్‌కావ్ దగ్గర రోడ్డంతా కార్లతో నింపుతున్నారు. అసలు చుట్టాలు ఆ కార్ల మధ్య ఇరుక్కున్నారు, తగాదాలు ఇంట్లోనే ఉన్నాయి.

క్రిస్మస్ చెప్పక్కర్లేదు. హర్మాటన్ గాలి ఎర్రదుమ్ము మోసుకొచ్చిందంటే పండగ వచ్చినట్టే. పిల్లలు తాటాకుల్లాంటి పామ్ కొమ్మలతో గుడిసె కట్టుకుని అందులోనే తిని, ఆడేవారు. కోడి కోసేది ఆ ఒక్క పండగకే అయిన ఇళ్ళు బోలెడు. పిక్కడిల్లీ బిస్కెట్లు గుప్పెడిస్తే పిల్లవాడు రోజంతా దాచుకు తినేవాడు. ఇప్పుడు డిసెంబరంటే అక్రాలో తెల్లవార్లూ పాటకచేరీలు, విమానాలు దిగే విదేశీ చుట్టాలు, వాళ్ళని చూసి రెట్టింపయ్యే ధరలు.

ఒక్క విషయంలో మాత్రం ఇప్పటివాళ్ళదే పైచెయ్యి. మేం వచ్చిన కొత్తలో రంజానుకి, బక్రీదుకి చట్టం ప్రకారం సెలవు లేదు. ముస్లిం పిల్లలు నమాజు ముగించుకుని క్లాసుకి పరుగెత్తుకొచ్చేవారు. 1996లో రెండూ సెలవులయ్యాయి. 2025లో రంజాను మర్నాడూ కలిపారు. అయినా ఇక్కడ మతాల పొందిక సెలవులతో వచ్చింది కాదు. ముస్లింలు ఎక్కువగా ఉండే జోంగో వీధుల్లో పండగ భోజనం పక్కింటి క్రైస్తవులకి వెళ్ళడం నేను వచ్చిననాడే చూశాను. 2019 ఈస్టర్‌కి నూరేళ్ళ జాతీయ ప్రధాన ఇమాము షేక్ ఉస్మాన్ నూహూ షరుబుతు అక్రాలో కాథలిక్కుల చర్చికెళ్ళి కూర్చున్నారు. ఏ గెజిట్టూ ఆయన్ని వెళ్ళమనలేదు.

ఘనావాళ్ళని ఇంత అన్న నోరు మనవాళ్ళని వదులుతుందా? ఈ దేశంలో వేపచెట్టుకి కరువు లేదు, మామిడికీ లేదు. అయినా మన తెలుగు కుర్రాళ్ళు ఉగాదిని పక్క ఆదివారానికి జరిపి, హాలు అద్దెకి తీసుకుని, ప్లాస్టిక్ గ్లాసుల్లో పచ్చడి పోస్తారు. ఇదేమిట్రా అంటే "సెలవు లేదు మాస్టారూ" అంటారు. మాకు మాత్రం ఉండేదా? పొద్దున్నే పచ్చడి నాకి బడికి పోయేవాళ్ళం.

సెలవు లేకపోతే పండగ నిలవదనేవాళ్ళు కుమాసిలో అక్వాసిదే చూడాలి. ఆరు వారాలకొకసారి, ఆదివారం నాడు, మన్హియా కోటలో అసాంతే రాజు కొలువు తీరతాడు. పెద్దలకి తర్పణాలు, డోళ్ళు, రంగు గొడుగులు. నలభైరెండు రోజుల లెక్క ఎన్‌క్రుమాకీ మారలేదు, రాలింగ్స్‌కీ మారలేదు. అక్రాలో గా తెగవాళ్ళు హోమొవో పండగకి ముందు నెల్లాళ్ళు డప్పుల మోత మానిపిస్తే నగరమంతా గొణుక్కుంటూనే నోరు మూసుకుంటుంది. వీటికి సర్కారు ఇచ్చిన సెలవు ఏదీ లేదు. అందుకే ఏ మంత్రీ వీటిని శుక్రవారానికి నెట్టలేడు.

ఈమధ్య మనవడు లాంగ్ వీకెండ్ల జాబితా పట్టుకొచ్చి, జూలై 1 బుధవారం పడితే శుక్రవారానికి జరుపుతారు తాతయ్యా, సరస్సుకి వెళ్దామా అన్నాడు. వెళ్ళండర్రా. నేను మాత్రం బుధవారమే ఇస్త్రీ చొక్కా వేసుకుని వీధరుగు మీద కూర్చుంటాను. ముసలాళ్ళ రోజు ఎప్పుడో ముసలాణ్ణి అడిగి పెట్టలేదు కదా.