నక్షత్రకుడి అర్జీ

చింతామణి నాటకంలో సుబ్బిశెట్టి పాత్ర తమ మనోభావాలు దెబ్బతీస్తోందని ఒక కులంవారి సంఘాలు మొరపెట్టుకుంటే, ఆ నాటకం ఇక ఆంధ్రప్రదేశ్‌లో ఎక్కడా ఆడకూడదని 2022 జనవరిలో ప్రభుత్వం హుకుం జారీ చేసింది. అదీ కనుమ వెళ్లిన మర్నాడే. పండక్కి ఊళ్లకెళ్లిన జనం తిరుగు బస్సైనా ఎక్కకముందే సచివాలయంలో ఒక ఫైలు ఇంత చురుగ్గా కదిలిందంటే నాకు ఆనందబాష్పాలు ఆగలేదు.

ముందే చెప్పేస్తున్నా, నాకు చింతామణి నచ్చదు. ఆ మాటకొస్తే పద్యనాటకమే నాకు పడదు. పద్యం నాలుగు పాదాలు, రాగం పావుగంట. హ్యాంగింగ్ మైకు కింద నిలబడి ఒకాయన గొంతు సాగదీస్తుంటే, ఎదుటి పాత్ర ఆ పావుగంటా ఏం చెయ్యాలో తోచక కండువా సర్దుకుంటూ ఉంటుంది. హమ్మయ్య, అయిపోయింది అనుకునేసరికి ముందు వరసలోంచి వన్స్‌మోర్! హరిశ్చంద్ర నాటకం కాటి సీనులో శవమై పడుకున్న లోహితాస్యుడు దోమ కుట్టి కాలు గోక్కోవడం నేను కళ్లారా చూశాను. వాళ్ల నాన్న ఇంకా రాగంలోనే ఉన్నాడు మరి.

ఇన్నాళ్లూ దీనికి నాకు తెలిసిన మందు ఒక్కటే, దుప్పటి దులుపుకుని ఇంటికెళ్లి పడుకోవడం. మనకి నచ్చని నాటకాన్ని సర్కారే ఆపించి పెడుతుందని ఎవరూ చెప్పలేదు. తెలిశాక ఊరుకుంటానా? సోమవారం పొద్దున్నే, అప్పట్లో జనం ఫిర్యాదులు తీసుకునే స్పందనలో అర్జీ పెట్టడానికి కలెక్టరేటుకి పరిగెత్తాను. అప్పటికే లైను గేటు దాటింది.

ఒకటో నంబరు టోకెను హరిశ్చంద్రలోని నక్షత్రకుడిది. ‘అయ్యా, నేను విశ్వామిత్రులవారి దగ్గర చిరుద్యోగిని. అప్పు వసూలు నా డ్యూటీ. డ్యూటీ సక్రమంగా చేసిన పాపానికి, జిడ్డులా పట్టుకున్న ప్రతివాణ్ణీ ఈ తెలుగువాళ్లు నక్షత్రకుడంటున్నారు. లోన్ యాపుల రికవరీ కుర్రాళ్లంతా మనోభావాలు దెబ్బతిని నా వెనకే నిలబడ్డారు, చూడండి’ అన్నాడు. చూశాను. ఫోన్లలో ఎవరినో బెదిరిస్తూనే నిలబడ్డారు.

తరవాతి టోకెను గయోపాఖ్యానం గయుడిది. ఆకాశంలో పోతూ పోతూ తాంబూలం ఉమ్మితే అది కృష్ణుడి దోసిట్లో పడిందట. ‘కింద ఎవరున్నారో చూసుకుని ఉమ్మే తెలుగువాణ్ణి ఒక్కణ్ణి చూపించండి, నేను నాటకం ఎక్కడానికి ఒప్పుకుంటా’ అని సవాలు. బంట్రోతు కిళ్లీ నములుతూ తలూపాడు. దుర్యోధనుడు మాత్రం లాయరుతోనే వచ్చాడు. అయిదూళ్లు ఇవ్వాలా వద్దా అన్నది రెవెన్యూ వ్యవహారం, హద్దులు తేలని భూమి మీద నిండు సభలో పద్యాలు పాడి బెదిరించడం నేరం కిందికొస్తుంది, కాబట్టి తిరుపతి వేంకట కవుల ఉద్యోగవిజయాలు తక్షణం ఆపాలని ప్రార్థన. కన్యాశుల్కం లుబ్ధావధాన్లు వయోవృద్ధుల కోటాలో వచ్చి కుర్చీ అడిగాడు. ఇంతమందికీ ఇంగ్లీషులో అర్జీలు రాసిపెడుతున్నది ఆ నాటకంలోని గిరీశమే. బయట చెట్టు కింద బల్ల వేసుకుని, రాత ఖర్చు పుచ్చుకోవడమే కాక, చుట్టలకి చిల్లర అప్పు కూడా అడుగుతున్నాడు.

వరవిక్రయం లింగరాజు కట్నాలు పుచ్చుకున్న మగపెళ్లివారి సంఘం తరఫున వచ్చాడు. ఆ సంఘంలో సభ్యులు లేని ఇల్లు ఈ రాష్ట్రంలో దొరకదు గనక ఆ నాటకానికి కూడా నూకలు చెల్లినట్టే.

లైను చివర చింతామణి నాటకంలోని విటులే, భవానీశంకరం, బిల్వమంగళుడు, బిక్కమొహాలతో కనిపించారు. ‘మా ఆస్తీ పరువూ పోయింది కూడా ఆ చింతామణి ఇంట్లోనే కదండీ, మా మనోభావాల సంగతి ఎవరూ అడగలేదేం?’ అన్నారు. గుమస్తా తలెత్తకుండా అడిగాడు: ‘మీకు సంఘం లెటర్‌హెడ్డుందా?’

లేదట. పంపేశారు.

ఇక సుబ్బిశెట్టి సంగతి. అతనికి అన్యాయం జరిగిన మాట నిజం. అర్ధరాత్రి దాటాక వేదిక మీద ఆ పాత్ర చేత పలికించే బూతు, దాని మీదుగా ఒక కులం మొత్తాన్ని వెక్కిరించడం, ఆ వెక్కిరింతకి నోట్లు పిన్నీసుతో గుచ్చి చదివింపులు చేయడం! పిల్లల్ని పక్కన కూచోబెట్టుకుని అది చూడాల్సి వచ్చినవాళ్లకి ఒళ్లు మండదా? మండుతుంది. కానీ ఆ బూతు నాటకకర్త కాళ్లకూరి నారాయణరావు రాసింది కాదు, చప్పట్లకి కక్కుర్తిపడి తరవాతివాళ్లు కూరింది. దానికి అప్పట్లో ఐపీసీ 294 ఉండేది. బూతు పలికినవాడి మీద కేసు పెట్టండి, ఆ సీను కత్తిరించమనండి, అచ్చయిన పుస్తకంలో లేని మాట వేదిక మీద వినపడకూడదని షరతు రాయండి. అలా చెయ్యాలంటే ఎవరో ఒకరు ఆ పుస్తకం తెరిచి చదవాలి. నిషేధించడానికైతే చదవక్కర్లేదు.

చదివితే తెలిసేది, అది వేశ్యాలోలత్వం కొంపలు కూలుస్తుందని చెప్పడానికి రాసిన నాటకమని. స్థానం నరసింహారావు చీర కట్టి చింతామణి వేషం వేసేవారు. ఆయనకి 1956లో పద్మశ్రీ ఇచ్చారు. అదే ఏడు భానుమతి చింతామణిగా సినిమా కూడా వచ్చింది. ఇన్నేళ్లు పోయాక మనకి సున్నితత్వం పుట్టుకొచ్చింది! ఎక్కడ? ఆ పండగ మూడు రోజులూ ఫ్లడ్‌లైట్లు పెట్టి కోడిపందేల బరులు నడిచాయి, పక్కనే గుండాట. కోర్టులు వద్దన్నవే అవన్నీ. అక్కడ ఎవరి మనోభావాలకీ గీటు కూడా పడలేదు.

ఈ కాళ్లకూరే మద్యం మీద మధుసేవ అని ఇంకో నాటకం రాశాడు. 2019 అక్టోబరు నుంచి 2024 అక్టోబరు దాకా మద్యం దుకాణాలు నడిపింది సాక్షాత్తూ ప్రభుత్వం. అప్పట్లో ఏ ఊళ్లోనో ఆ నాటకం ఆడి ఉంటే ఏ శాఖవారి మనోభావాలు దెబ్బతినేవో నేను చెప్పను.

నాకు నచ్చని ఆ నాటకం మీద బతికే మనుషులున్నారయ్యా! కాలి హార్మోనియం తొక్కేవాడు, మేకప్ పెట్టె మోసుకొచ్చేవాడు, రాత్రంతా చింతామణిగా పాడి తెల్లవారుజామున మొదటి బస్సులో మొహానికి రంగు పూర్తిగా వదలకుండానే ఇల్లు చేరే ఆడమనిషి. కరోనా పుణ్యమా అని వాళ్లకి ఆటలు లేక అప్పటికి రెండేళ్లు. శివరాత్రి తిరునాళ్లొస్తున్నాయని ఆశపడ్డారు. పిలిచి ఆడించే కమిటీలు అన్నిటికన్నా ఎక్కువ అడిగే నాటకాల్లో ఇదొకటి. దాన్ని ఒక్క కాగితంతో కొట్టేశారు, వాళ్లని పిలిచి మీ మాటేమిటని అడిగారా? పుచ్చుకున్న బయానా ఎప్పుడో బియ్యానికీ అద్దెకీ అయిపోయింది. కమిటీవాళ్లు వచ్చి తిరిగిచ్చెయ్యమంటే ఆ బిల్లు ఎవరికి పంపాలో కూడా సర్కారే చెప్పాల్సింది. సాంస్కృతిక శాఖకా, డబ్బులున్న ఎక్సైజు శాఖకా?