స్ట్రాంగ్ రాశివారికి రాజపూజ్యం 1, అవమానం 6

స్ట్రాంగ్ బీరు తాగేవాడు పుట్టుకతోనే నాయకుడట. లైట్ తాగేవాడు సున్నిత మనస్కుడు, గొడవలంటే గిట్టదు. గోధుమ బీరు మనిషిది కళాహృదయం. ఐపీఏ బీరు అడిగేవాడు గుంపులో కలవని స్వతంత్ర ఆలోచనాపరుడు. సీసా మూతిలో నిమ్మచెక్క దూర్చుకునేవాడి ఆత్మ ఎప్పుడూ ఏదో సముద్రతీరంలో తిరుగుతూ ఉంటుంది. ఆగస్టు మొదటి శుక్రవారం, బీరు దినోత్సవం నాడు, ఈ జాబితా మీ ఫోనుకూ వచ్చే ఉంటుంది. రాలేదంటే మీకు స్నేహితులు లేరన్నమాట. దానికీ ఆ జాబితాలో చోటుంది: జీరో ఆల్కహాల్ వారు, ఏకాంతప్రియులు.

2007లో కాలిఫోర్నియాలోని శాంతాక్రూజ్‌లో కొందరు మిత్రులు మొదలుపెట్టుకున్న బీరు దినోత్సవం, మన దగ్గరికొచ్చేసరికి మనస్తత్వ శాస్త్రమైపోయింది. ఉగాది నాడు ఒక్కసారి పంచాంగం వింటే మనకు ఏడాదంతా సరిపోదు కదా. ఈ జాబితా రాసినవాడెవడో ఇంకాస్త కష్టపడి ఆదాయ వ్యయాలు కూడా గుణించి ఉంటే పని పూర్తయ్యేది. స్ట్రాంగ్ రాశి: ఆదాయం 2, వ్యయం 14, రాజపూజ్యం 1, అవమానం 6. శనివారం రాత్రి వాహనగండం. బ్రెత్ అనలైజర్‌తో వచ్చే ఖాకీ దుస్తుల వారితో వాదన కూడదు.

మా బావమరిది మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్. వాళ్ల హెచ్ఆర్ వాళ్లు అందరినీ రిసార్టుకు తీసుకెళ్లి, స్విమ్మింగ్ పూల్ పక్కన కూచోబెట్టి, నీ బీరును బట్టి నీ నాయకత్వం ఎలాంటిదో తేల్చే ఫారాలు పంచారు. ఆ రోజు నుంచి వాడికి మనుషుల లోపలి గుట్టంతా కనిపించడం మొదలైంది. "బావా, తప్పు నీది కాదులే. లైట్ తాగేవాళ్లంతా ఇంతే, ఏ నిర్ణయమూ తీసుకోలేరు" అని నా ఇంట్లో, నా ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా పట్టుకుని, నా మొహం మీదే తేల్చేశాడు. వాడు స్ట్రాంగ్. అంటే పుట్టు నాయకుడు. ఈ నాయకుడు వాళ్లక్కకు వీడియో కాల్‌లో చూపించకుండా చొక్కా కొన్న దాఖలా ఇంతవరకూ లేదు. ఇక నా ఫ్రిజ్‌లో లైట్ ఎందుకుందంటారా? షాపులో ఆ పూట కూలింగ్‌లో ఉన్నది అదొక్కటే.

సరే, రుచిని బట్టి మనిషిని చదువుదాం. అయితే నాదో ప్రశ్న. బూమ్ బూమ్ బీరు తాగినవాడి వ్యక్తిత్వం ఏమిటి?

ఆంధ్రప్రదేశ్ వాళ్లకు వివరించక్కర్లేదు. 2019 అక్టోబరు 1న మద్యం దుకాణాలన్నీ ప్రభుత్వం చేతిలోకి పోయాయి. 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటు షాపులు తెరిచేదాకా, ఐదేళ్లు, తాగేవాడి రుచి ప్రభుత్వ శాఖ అయింది. అడిగిన బ్రాండు ఉండదు. ఉన్న బ్రాండు పేరు ఎవరూ కనలేదు, వినలేదు. ఫోన్‌పే అంటే కౌంటర్లో కుర్రాడు మొహం తిప్పుకుంటాడు. 2020 మేలో, కరోనా లాక్‌డౌన్ మధ్య షాపులు తెరిచిన రెండు రోజుల్లో ధర 75 శాతం పెంచారు. ఎండలో క్యూ కట్టి, కిటికీ దగ్గరికి చేరి, లైట్ ఉందా అని అడిగిన సున్నిత మనస్కుడి చేతికి వచ్చేది ఒక్కటే: బూమ్ బూమ్.

ఆ పేరు పెట్టుకుని జాతకం చెప్పండి చూద్దాం. పేలుడు స్వభావమా? దీపావళి అమావాస్యనాడు పుట్టాడా? ఆ ఐదేళ్లలో 21 నిండి, చట్టప్రకారం తొలి బీరు తాగిన కుర్రాడి గతేమిటి? వాడికి తెలిసిన బీరే అది. పక్క రాష్ట్రంలో వాడి ఈడువాడు గోధుమ బీరుతో కళాహృదయం పెంచుకుంటుంటే, వీడి వ్యక్తిత్వ వికాసం మొత్తం బూమ్ దగ్గర మొదలై బూమ్ దగ్గరే ఆగిపోయింది. 2024 అక్టోబరులో పాత బ్రాండ్లు మళ్లీ అల్మరాల్లోకి వచ్చిన రోజున వీడు ఒక్కసారిగా ఎవరయ్యాడు? నాయకుడా, కళాకారుడా? ఐదేళ్లు వీడితో కాపురం చేసిన అమ్మాయికి ఎవరైనా ముందుగా చెప్పారా?

సరిహద్దున ఉన్న జగ్గయ్యపేట వాళ్ల బాధ ఆ ఐదేళ్లూ ఇంకా ఘోరం. జగ్గయ్యపేటలో ఉన్నంతసేపూ బూమ్ బూమ్ మనిషి. గరికపాడు చెక్‌పోస్టు దాటి కోదాడలో కాలు పెట్టగానే స్వతంత్ర ఆలోచనాపరుడు. ఆ స్వతంత్ర ఆలోచనను నాలుగు సీసాల్లో సర్దుకుని ఇంటికి తిరిగొస్తూ చెక్‌పోస్టులో దొరికితే మళ్లీ బూమ్ బూమ్. పట్టుకున్న సీసాలను పోలీసులు రోడ్డు మీద బారుగా పేర్చి, కెమెరాలు పిలిచి, రోడ్డు రోలరు ఎక్కించిన దృశ్యాలు టీవీలో ఎన్నిసార్లు చూశాం! పుట్టు నాయకులు, కళాహృదయులు, సున్నిత మనస్కులు అందరూ ఒకే రోలరు కింద పటపటా పగిలిపోయారు. అన్ని వ్యక్తిత్వాల నురగా ఒకే మురిక్కాలవలో కలిసింది. సామాజిక సమానత్వం అంటే అదే కాబోలు.

హైదరాబాదులో కూర్చుని మనం నవ్వుకున్నాం. 2025 జనవరి 8న మన వంతు వచ్చింది. తెలంగాణకు బీరు పంపడం ఆపేస్తున్నామని కింగ్‌ఫిషర్ తయారుచేసే యునైటెడ్ బ్రూవరీస్ ప్రకటించింది. 2019-20 నుంచి ధర సవరించలేదని, బకాయిలు పేరుకుపోయాయని దాని మొర. ఇక్కడ మద్యం టోకున కొనేది ఒక్క ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషనే. అది కొంటే డిపోకు వస్తుంది, డిపోకు వస్తే షాపుకు వస్తుంది, షాపుకు వస్తే మీకు వ్యక్తిత్వం వస్తుంది. కొన్నాళ్లకు సరఫరా మళ్లీ మొదలైంది, ఫిబ్రవరిలో బీరు ధర 15 శాతం పెరిగింది. అంటే ఒక రాష్ట్రంలో సగం మంది స్వభావం సచివాలయంలో ఒక ఫైలు కదలడం మీద ఆధారపడి ఉందన్నమాట. ఆ ఫైలు మీద సంతకం పెట్టే అధికారికి ఎంత శక్తి! ఫ్రాయిడ్‌కు కూడా లేదు.

అసలు ఏ బీరూ లేని కాలమూ ఉంది: 1995 జనవరి 16 నుంచి రెండేళ్లకు పైగా ఉమ్మడి రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం. ఆ కాలంలో మన తండ్రులెవరికీ వ్యక్తిత్వమే లేదు, పాపం. గుజరాత్, బీహార్ జనాల సంగతి ఇక తలుచుకోకపోవడమే మంచిది.

ఇంత చెప్పాక కూడా మా బావమరిది "సైన్సు బావా, సైన్సు" అంటాడు. ఏ సైన్సు? ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్ విశ్వవిద్యాలయం వాళ్లు సుమారు వెయ్యి మంది అమెరికన్లను ప్రశ్నలడిగి, చేదు ఇష్టపడేవాళ్లలో క్రూరత్వపు లక్షణాలు కాస్త ఎక్కువ కనిపించాయని 2016లో రాశారు. అంతే, చేదు ఇష్టపడేవాడు సైకో అని ప్రపంచమంతా మోగించింది. ఆ లెక్కన వారానికోసారి కాకరకాయ వేయించుకుని, ఉగాదికి వేపపువ్వు నమిలి, పిల్లల చేత కూడా నమిలించే తెలుగు జాతి మొత్తాన్నీ జైల్లో పెట్టాలి.

సైన్సు కావాలంటే ఇది వినమనండి. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త తన విద్యార్థులకు పరీక్ష పెట్టి, ఒక్కొక్కరికీ విడివిడిగా వ్యక్తిత్వ విశ్లేషణ ఇచ్చాడు. అచ్చం నేనే అని అందరూ మురిసిపోయి ఐదుకు సగటున నాలుగు మార్కుల పైనే వేశారు. ఆయన అందరికీ ఇచ్చింది ఒకే కాగితం. అందులో వాక్యాలు పత్రికల కొట్లో దొరికే జాతకాల పుస్తకంలోంచి ఎత్తినవి. 1964లో అలిసన్, ఉల్ అనే ఇద్దరు పరిశోధకులు సీసాల మీద లేబుళ్లు పీకేసి బీరు తాగించారు. తాగినవాళ్లు తమ ప్రాణసమానమైన బ్రాండు ఏదో గుర్తుపట్టలేకపోయారు. లేబుల్ అంటించి ఇవ్వగానే ఎవరి బ్రాండు వారికి అమృతమైంది. అన్నిటికన్నా చిత్రం, తక్కువ నమూనాలు చూసి ఎంతవరకు నమ్మవచ్చో లెక్క కట్టే పద్ధతిని 1908లో లోకానికి ఇచ్చిన గాసెట్ డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కంపెనీ ఉద్యోగే. బీరు కంపెనీలోనే కూర్చుని ఒకాయన కొద్ది నమూనాలతో జాగ్రత్త అని లెక్కలు కట్టి చూపించిన వందేళ్లు దాటాక మా బావమరిది ఒక్క సీసా చూసి నా జీవితం మొత్తం చెబుతున్నాడు.

నవ్వు ఇక్కడితో చాలు.

టీవీలో మద్యం ప్రకటనలు వేయకూడదు. అందుకే అవే బ్రాండ్ల పేరుతో సోడా, మంచినీళ్లు, మ్యూజిక్ సీడీలు, క్యాలెండర్లు. సరుకు గురించి ఒక్క ముక్క చెప్పుకునే వీలు లేని కంపెనీలు దశాబ్దాలుగా తాగేవాడి గురించే చెబుతున్నాయి: మగతనం, స్నేహం, గెలుపు, జల్సా. వాళ్లు కోట్లు పోసి చేయించుకునే ఆ పనిని ఇప్పుడు మనం జీతం బత్తెం లేకుండా, పైగా మానసిక శాస్త్రం అని పేరు పెట్టి చేసిపెడుతున్నాం. హెచ్ఆర్ వాళ్లు కంపెనీ ఖర్చుతో చేస్తున్నారు. జల్సా వ్యక్తిత్వాన్ని విమానాల మీదికి కూడా ఎక్కించిన విజయ్ మాల్యా గారి కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ 2012 అక్టోబరులో నేలకు దిగి మళ్లీ లేవలేదు. సిబ్బంది నెలల తరబడి జీతాల్లేక ఏడ్చారు. ఆయన 2016 మార్చిలో దేశం దాటాడు. ఏ బీరు ఇష్టమో ఆయన చేత ముందే ఫారం నింపించి ఉంటే అప్పులిచ్చిన బ్యాంకులకు పనికొచ్చేది.

ఇంకో సంగతి. గోధుమ బీరు గ్లాసు కుర్రాడి చేతిలో ఉంటే కళాహృదయం. అదే గ్లాసు అమ్మాయి చేతిలో ఉంటే ఫోన్లు బయటికొస్తాయి, దొంగచాటుగా ఫొటో తీసి ఆమె పెంపకం మీద, తల్లిదండ్రుల మీద, చదివిన కాలేజీ మీద వ్యాఖ్యానాలు మొదలవుతాయి. జాతకం రాసేది వాళ్లే, రాళ్లేసేదీ వాళ్లే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద తిరగబడిన ఆడవాళ్లకు మగవాడి వ్యక్తిత్వం కనుక్కోవడానికి ఏ ఫారమూ అక్కర్లేకపోయింది. కూలి డబ్బు ఇంటికొచ్చిందా లేదా, ఒంటి మీద దెబ్బ పడిందా లేదా, అంతే. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగిందంటే వాళ్ల వల్ల. తాగుడును స్వభావమని, సరదా అని, శైలి అని ముద్దుపేర్లు పెట్టి పిలిచే తీరిక వాళ్లకు లేదు.

అసలు కోపం వచ్చేది ఆ స్ట్రాంగ్ మాట దగ్గర. ఆ జాబితాకు రెండో ప్రతి కూడా ఉంది, గమనించారా? రిసార్టులో స్ట్రాంగ్ తాగితే నాయకుడు. అదే స్ట్రాంగ్ వైన్స్ పక్కన పర్మిట్ రూమ్‌లో, ప్లాస్టిక్ కుర్చీలో కూచుని, ఉడకబెట్టిన శనగలతో తాగితే ఆవేశపరుడు, మోటుమనిషి, భవిష్యత్తు గురించి ఆలోచన లేనివాడు. ఒకే సీసా, రెండు జాతకాలు. చదివింది సీసాను కాదు, చెప్పులను.

ఆ మనిషికి ఆలోచన లేదా? లెక్క చూడండి. 650 మిల్లీలీటర్ల సీసా. లైట్‌లో ఆల్కహాల్ 5 శాతం లోపు, అంటే మహా అయితే 32 మిల్లీలీటర్లు. స్ట్రాంగ్‌లో 8 శాతం దాకా, అంటే 52. ధరలో తేడా కొద్దిపాటిదే. పొద్దున ఆరింటికి అడ్డా మీద నిలబడి, పని దొరికితే సాయంత్రం దాకా సెంట్రింగ్ కర్రలు మోసి, దొరికిన కూలిలో అద్దెకు, ఫోన్ రీఛార్జికి, ఊళ్లో పిల్లలకు పోగా మిగిలినదానితో ఒళ్లు నొప్పులు ఎలా మరిచిపోవాలో అతను వేసుకున్న లెక్క అది. ఆ లెక్క మంచిదని నేను అనను. ఆ 52 మిల్లీలీటర్లు అతని కాలేయానికి, అతని ఇంటికి ఏం చేస్తాయో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు, అతని భార్య రోజూ చెబుతూనే ఉంటుంది. కానీ అది లెక్క. ధర పెంచేది ప్రభుత్వం, బ్రాండు పంపేది డిపో, కూలి తగ్గించేది మేస్త్రీ. మిగిలిన ఒక్క సీసాను చూపించి ఇదిగో నీ గుణం అని చెప్పడానికి మధ్యలో ఈ జాబితాలు రాసేవాళ్లెవరు?

అతన్ని నాయకుడనీ అనొద్దు, ఆవేశపరుడనీ అనొద్దు. కూలి పెంచండి. వారానికి ఒక సెలవివ్వండి. అప్పుడు లైట్ తాగుతాడో, స్ట్రాంగే తాగుతాడో, మొత్తం మానేసి పిల్లల్ని తీసుకుని సినిమాకు పోతాడో చూడండి. అప్పుడు దాన్ని రుచి అనండి, ఒప్పుకుంటాను.