పరువుకు చీపురు

సోషల్ మీడియాలో పరువు తీస్తే పడే శిక్ష భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లో ఉంది: రెండేళ్ల వరకు సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, అదీ కాదంటే సమాజ సేవ. రెండేళ్ల గరిష్ఠం 1860 నాటి శిక్షాస్మృతి నుంచి వచ్చిందే. అప్పటికి ఫార్వర్డ్ బటన్ లేదు. సమాజ సేవ ఒక్కటే 2024 జులై 1న వచ్చిన కొత్తదనం.

మొదటి శిక్ష మాత్రం బాధితుడికే. పరువునష్టం పోలీసులు నేరుగా కేసు కట్టే నేరం కాదు. హైదరాబాద్‌లో పంజాగుట్ట పోలీస్ స్టేషన్ మెట్లెక్కినా చివరికి మేజిస్ట్రేటు ముందు ప్రైవేటు ఫిర్యాదు వేసుకోవాల్సిందే. సివిల్ దావాకైతే అడిగిన పరిహారాన్ని బట్టి కోర్టు ఫీజు పెరుగుతుంది. అంటే పరువెంతో చెప్పే ముందు జేబు తడుముకోవాలి.

పెద్దల దారి వేరు. 2024 అక్టోబరులో మంత్రి కొండా సురేఖ కెమెరాల ముందు అన్న మాటలపై నటుడు నాగార్జున నాంపల్లి కోర్టుకెక్కారు. 2025 నవంబరులో ఆమె ఎక్స్‌లో విచారం తెలిపారు, ఆయన కేసు వెనక్కి తీసుకున్నారు. ఏడాది దాటిన వ్యాజ్యానికి ఒక్క పోస్టు సరిపోయింది.

ఇక సమాజ సేవ. ఏ పని, ఎన్ని గంటలన్నది 356లో లేదు. కూలి ఇవ్వరని మాత్రం భారతీయ నాగరిక సురక్షా సంహిత తేల్చింది. బల్కంపేటలో పనికి కరువా? ఆషాఢంలో ఎల్లమ్మ కల్యాణం మర్నాడు వీధులు ఊడ్చవచ్చు. ఎదుటివారి వాల్‌పై బురద చల్లినవారు అమీర్‌పేట గోడలపై కోచింగ్ పోస్టర్లు గీకవచ్చు. చీపురుతో సెల్ఫీ దిగి స్టేటస్ పెట్టరాదన్న షరతు తీర్పులోనే రాయాలి.