పైపు చూపించే బాబాయ్

గుంటూరు నుంచి ఒంగోలు దాకా రేగడి నేలల్లో ఇల్లు కట్టుకున్న ప్రతి వీధికీ ఇప్పుడొక టర్ఫ్ బాబాయ్ తయారయ్యాడు. నరసరావుపేటలో ఒకాయన, చిలకలూరిపేటలో ఒకాయన, పర్చూరులో ఒకాయన. ఊరు మారినా మనిషి మారడు. అరవై దాటి ఉంటాయి. పత్తీ మిరపా పండించీ పండించీ, పొలం కౌలుకిచ్చేసి, ఇంటిముందు జాగాలో ప్లాస్టిక్ పచ్చిక పరిపించుకుని ఉంటాడు. అయితే దాన్ని మెచ్చుకున్నారో, ఆయనకు గిట్టదు.

“ఎంత పచ్చగా ఉంది బాబాయ్!” అన్నామనుకోండి, “పచ్చదనానిదేముందిలే, రంగేస్తే గోడ కూడా పచ్చగానే ఉంటది. ఇట్టా రా” అని రెక్క పట్టుకుని గేటు బయటికి లాక్కెళ్తాడు. సైడు కాలువలోకి వంగి చూడమంటాడు. అక్కడ నాలుగంగుళాల పైపు మూతి ఒకటి కనిపిస్తుంది. ఆయన చూపించాలనుకున్నది అదే. చూసి ఊరుకుంటే సరిపోదు. బిందెడు నీళ్లు పోస్తే కంకరే తాగేస్తుంది కాబట్టి మోటారు వేయించి, గొట్టం తెచ్చి అవతలి మూలన వదులుతాడు. ఆ నీళ్లు ఇవతలికొచ్చి కాలువలో పడేదాకా చుట్టాలు నడుం వంచి నిలబడాల్సిందే. కాఫీ ఆ తర్వాతే.

ఈ జబ్బు అమెరికాలో అంటుకుంది. మనవడి పుట్టినరోజుకని డల్లాస్ పక్కన ఫ్రిస్కోకి వెళ్లాడు. జులై ఎండలో కొడుకు పెరట్లోకి నడిస్తే నేల నెర్రెలిచ్చి ఉంది. చెయ్యి పెడితే మణికట్టు దాకా దిగింది. “ఏందిరా, ఇది మన పెదనందిపాడు చేను గదా!” అన్నాడట. అన్నది పొరపాటు కాదు. టెక్సస్‌లో డల్లాస్ మీదుగా శాన్ ఆంటోనియో దాకా పరుచుకున్నది నల్లమట్టే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుని చీలుతుంది. ‘హ్యూస్టన్ బ్లాక్’ అనే పేరుతో దాన్ని ఆ రాష్ట్రపు మట్టిగా చెప్పుకుంటారు కూడా. వేసవిలో మట్టి పునాదిని వదిలి పక్కకు జరగకుండా అక్కడివాళ్లు ఇంటిచుట్టూ చెమ్మ పైపులు వేసి నీళ్లు పెడతారు. అప్పు చేసి అంతదూరం పంపితే కొడుకు మళ్లీ రేగడిలోనే పడ్డాడని బాబాయ్ రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదట. ఇక్కడికొచ్చాక మాత్రం ఏ పెళ్లికెళ్లినా ఆ పునాది తడి సంగతే చెబుతున్నాడు.

ప్లాస్టిక్ పచ్చిక పుట్టుక కూడా అక్కడే తెలుసుకున్నాడు. హ్యూస్టన్‌లో ఆస్ట్రోడోమ్ అని పైకప్పున్న స్టేడియం కట్టారు. ఆటగాళ్ల కళ్లకు వెలుగు కొడుతోందని కప్పు పారదర్శక పలకలకు రంగేస్తే, లోపల గడ్డి ఎండ లేక చచ్చింది. దాంతో 1966లో ప్లాస్టిక్ గడ్డి వేశారు. తయారుచేసింది మోన్‌శాంటో. “పత్తి విత్తనాలోళ్లా?” అన్నాడు బాబాయ్. వాళ్లే. మన దేశంలో 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది కూడా వాళ్ల పరిజ్ఞానానికే. “చేలో వాళ్ల గింజ, వాకిట్లో వాళ్ల గడ్డి!” అని తేల్చేశాడు. ఆయన వాకిట్లోది ఎవరు చేసిందో ఆయనకూ తెలీదు, అమ్మినవాడికీ తెలీదు. అయినా ఆ మాట మనం ఎత్తకూడదు.

ఊరికి తిరిగొచ్చాక, టర్ఫ్ వెయ్యడానికొచ్చిన కుర్రాడు నేల చదునుచేసి పైన పరిచేస్తానన్నాడు. “అడుగున చిల్లులున్నై సార్, నీళ్లు దిగిపోతై.”

“దిగి యాడికి పోతై?”

“కిందకి సార్.”

“కిందున్నది రేగడి రా అబ్బాయ్. తొలివానకి నెర్రెల్లోంచి గటగటా తాగుద్ది. మలివానకి ఉబ్బి మూతి బిగిస్తది. అప్పుడు నీ చిల్లులేం చేస్తై? సరే, మిరపచేలో ఒకరోజంతా నీళ్లు నిలబడితే ఏమైద్ది?”

“చెట్టు వడలిపోద్ది.”

“అందుకే గదా బోదెలు తోలేది! మరి ఇక్కడెందుకు తోలవు?”

ఆ కుర్రాడికి నెలరోజులు నరకం చూపించాడు. ఎనిమిదంగుళాలు తవ్వించాడు. గునపం దిగేంత పదును చూసి మరీ తవ్వించాడు, ఎండితే రాయి, తడిస్తే బంక కదా. రేగడి పైకి ఎగదన్నకుండా జియో టెక్స్‌టైల్ గుడ్డ, దానిమీద నలభై ఎంఎం కంకర, దానిమీద ఇరవై, పైన పేరేచర్ల క్రషర్ డస్టు, పొర పొరకీ దిమ్మిస. నూరడుగులకు అడుగు వాలు, అదీ పునాది వైపు కాకుండా గేటు వైపుకి. అంచున గాడి తీసి, చిల్లుల పైపుకి గుడ్డ చుట్టి పెట్టించాడు. వాటర్ లెవెల్ ట్యూబు రెండో కొస తనే పట్టుకున్నాడు. పచ్చిక పరవడం ఒక్క పూటలో అయిపోయింది. ఆ పూట ఆయన నిద్రపోయాడు.

అసలు చిక్కు వానతో వచ్చింది. గొట్టం నీళ్లు సరే, పైపు వానకి నిలుస్తుందో లేదో తేలాలంటే వాన పడాలి. పని పూర్తయ్యేటప్పటికి మార్చి. చుట్టుపక్కల కల్లాలనిండా మిరపకాయలు. బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో రాగానే ఊరంతా పట్టాల కోసం పరుగులు తీస్తుంటే, బాబాయ్ గొడుగూ టార్చిలైటూ సిద్ధం చేసుకుని ఆకాశంకేసి ఆశగా చూస్తున్నాడు. “ఆ చూపులు కట్టిపెట్టండి, మా తమ్ముడి కాయలు కల్లంలో ఉన్నై” అని పిన్ని కేకలేసింది. ఆ వాన ఒంగోలు దాటి రాలేదు. బావమరిది మాత్రం ఇప్పటికీ ఈ గడప తొక్కడు.

ఏప్రిల్ వచ్చింది. ఎండకి ప్లాస్టిక్ పచ్చిక అరవై డిగ్రీలు దాటి కాలుతుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. పిల్లలు రెండు గంతులేసి వరండాలోకి పారిపోయారు. ఆ గంతులు చూసి ఆయన తల్లి, ఎనభై దాటిన ముసలామె, కర్ర పోటేసుకుంటూ వచ్చి అరచెయ్యి ఆనించి చూసింది. మర్నాడు పొద్దున బాబాయ్ లేచేసరికి సగం పచ్చిక ఎర్రగా ఉంది. ఏడాది కారానికి తెప్పించిన రెండు బస్తాల కాయలు పరిచేసింది.

“అమ్మా, ఇది అందానికి!”

“తడి ఆరదనీ, బురదంటుద్దనీ భయం లేదని నువ్వే గదరా ఊరందరికీ చెప్పావు.”

“గింజలు సందుల్లోకి పోతై.”

“పోతే పోనీ. ఇదుగో చూడు, పచ్చదాని మీద తాలుకాయ తెల్లగా ఎట్టా కనపడతందో! నా కళ్లకే ఆనతంది. ఆ మిగిలిన జాగాలో కూడా వేయించు, కోడలి పుట్టింటోళ్లు కూడా పోసుకుంటారు.”