కాలే అంటే రేపు

డుమస్, సూరత్
ఆదివారం మధ్యాహ్నం

బామ్మర్దీ,

మీ అక్కా నేనూ ఇక్కడ బాగానే ఉన్నాం. వాట్సాప్‌లో పెడితే బొటనవేలు బొమ్మ పంపి ఊరుకుంటావని ఉత్తరం రాస్తున్నాను. పూర్తిగా చదువు. నీకు పని పడింది.

ముందు మీ పక్కింటి అవ్వకు ఒక మాట చెప్పు. డుమస్ అంటే దుబాయి పక్కన ఉండే దేశం కాదు. సూరత్‌లో పేట. సముద్రం మటుకు ఒకటే, అరేబియా సముద్రమే. ఈత వచ్చినోడికి టికెట్ ఖర్చు లేదు. మన సిరిసిల్ల చుట్టుపక్కల వాళ్లు సగం మంది గల్ఫ్ పోతే, తక్కినోళ్లం మగ్గాల వెంట భీవండికీ సూరత్‌కీ వచ్చాం. వాళ్లు సెంటు సీసాలు తెస్తారు. మేం చీరలు తెస్తాం, అందులోనూ మీ అమ్మ రంగు బాలేదంటుంది.

నా కొత్త పని సంగతి నీకు సరిగా తెలియదు. సూరత్‌లోనే లింబాయత్‌లో ఇరవై ఏళ్లు పవర్‌లూమ్ చప్పుడు విని చెవులు మొద్దుబారాక, ఇప్పుడు డుమస్ రోడ్డు మీద ఒక పార్టీ ప్లాట్‌లో లైటింగ్ చూస్తున్నాను. పార్టీ ప్లాట్ అంటే రాజకీయం కాదు, పెళ్లిళ్లు చేసే పెద్ద మైదానం. సంక్రాంతి దాటిందంటే రోజుకో పెళ్లి. మండపానికి సీరియల్ లైట్లు, పెళ్లికూతురి మీద తెల్ల లైటు, వంటల దగ్గర పచ్చ లైటు. పైనుంచి విమానాలు పోతుంటాయి, విమానాశ్రయం ఇక్కడే కదా. వందల పెళ్లిళ్లకు వెలుగు పెట్టిన మనిషిని. నా పెళ్లికి మాత్రం కాగితం ముక్క లేదని మొన్ననే తెలిసింది.

ఎట్లా తెలిసిందంటావా? జర్మనీలో చదువు అయిపోయిందని, పట్టా ఇచ్చే రోజుకు మమ్మల్ని రమ్మంటున్నాడు నీ మేనల్లుడు. సూరత్ మునిసిపల్ వాళ్ల తెలుగు బడిలో అక్షరాలు దిద్దినోడు అంత దూరం పోయాడంటే మీ అక్కకు రెండు రోజులు నిద్ర లేదు. వీసా కాగితాలు చూసే ఏజెంటు ఆమె ఫైలు తిరగేసి, "ఇందులో ముగ్గురు ఆడవాళ్లు ఉన్నారు, ఎవరు వస్తున్నారు?" అన్నాడు.

తప్పు వాడిది కాదు. పదో తరగతి మెమోలో మీ ఇంటిపేరు ముందుంది, వెనక లక్ష్మి. ఇక్కడ తీసుకున్న ఆధార్‌లో లక్ష్మీబెన్, దాని వెనక నా పేరు, ఆ వెనక నా ఇంటిపేరు. గుజరాత్‌లో ఆడవాళ్ల పేరు మధ్యలో మొగుడు కూర్చుంటాడు, ఇంటిపేరు తోకలా చివరికి పోతుంది. బ్యాంకు పుస్తకంలో వట్టి లక్ష్మి, ముందూ వెనకా ఎవరూ లేరు. ఈ ముగ్గురూ ఒక్కరేనని చెప్పే కాగితం కావాలి, అదే పెళ్లి సర్టిఫికెట్ అన్నాడు. "నేను చెప్తున్నా కదా" అన్నాను. మొగుడి మాట చెల్లదన్నాడు. ఇంట్లో ఎప్పటినుంచో తెలిసిన సంగతే, ఇప్పుడు బయట కూడా పొక్కింది.

సరే, ఒక ఆఫీసుకు పోయాను. ఏ ఆఫీసో ఎందుకులే. కిటికీ మీద 'లగ్న నోంధణీ' అని రాసి ఉంది. లగ్నం చూసే పంతులును సర్కారోళ్లే పెట్టారు కాబోలు అనుకున్నాను. ఇక్కడ లగ్నమంటే పెళ్లే, నోంధణీ అంటే నమోదు. కిటికీలో మనిషి నా ముఖం చూడకుండానే, "కాలే ఆవ్‌జో" అన్నాడు. గుజరాతీలో కాలే అంటే రేపు. తమాషా ఏమిటంటే కాలే అంటే నిన్న కూడా. మరునాడు పోయాను. "కాలే" అన్నాడు. రేపు రమ్మన్నాడో, నిన్ననే రావాల్సిందన్నాడో అర్థం కాలేదు. సాయంత్రం ఇంటికి వస్తే మీ అక్క "పనైందా?" అంది. "కాలే" అన్నాను. మన భాషలో మటుకు దానికి ఒకటే అర్థం.

నాలుగో రోజు వేరే మనిషి కూర్చున్నాడు. మంచివాడు. "పెళ్లి ఎక్కడైంది?" అని ఒక్క ప్రశ్న అడిగాడు. వేములవాడ అన్నాను. "అయితే కాగితం కూడా అక్కడే" అన్నాడు. గుజరాత్‌లో పెళ్లిళ్ల నమోదు చట్టం 2006లో వచ్చింది. దాని ప్రకారం పెళ్లి ఏ ఊళ్లో జరిగితే ఆ ఊరి రిజిస్ట్రార్ దగ్గర రాయించుకోవాలి. నా లైట్ల కింద దండలు మార్చుకున్న పిల్లలు నా లైట్ల కిందే తీసిన ఫొటోలు అంటించి సర్టిఫికెట్ పట్టుకుపోతున్నారు. నేను కిటికీకి ఇవతలే. వాళ్ల ఫారంలో పెళ్లి చేయించిన గోర్ మహారాజ్ సంతకం కూడా ఉంటుంది. మన పంతులుగారు పోయి పదేళ్లయింది. పెళ్లి ఇక్కడ అయ్యుంటే సంతకం కోసం నేను ఎక్కడికి పోవాల్సి వచ్చేదో!

లింబాయత్‌లో నా పాత సోపతి ఒకడు వకీలు దగ్గర గుమాస్తా. వకీలు కన్నా వాడికే సెక్షన్లు ఎక్కువ వచ్చు. పోయిన ఆదివారం సముద్రం ఒడ్డుకు తీసుకుపోయి టమాట బజ్జీలు తినిపించాను. ఇక్కడి ఇసుక నల్లగా ఉంటుంది, రాత్రిపూట దయ్యాలు తిరుగుతాయని ఊరంతా కథలు. టమాట బిళ్ల మీద పచ్చ చట్నీ రాసి శనగపిండిలో ముంచి వేయిస్తారు, లోపల రసం నిప్పులా ఉంటుంది. నాలుక కాల్చుకుంటూనే వాడు చెప్పాడు: హిందూ వివాహ చట్టం 1955 నాటిది. ఏడో సెక్షన్‌లో సప్తపది ఉంది. ఏడడుగులతో చేసే పెళ్లి ఏడో అడుగు పడితేనే పూర్తయినట్టు. ఎనిమిదో సెక్షన్‌లో రిజిస్టరు ఉంది. అందులో పేరు లేనంత మాత్రాన పెళ్లి చెల్లకుండా పోదని అక్కడే రాశారు.

ఈ మాట ఇంట్లో చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. మీ అక్క మా పెళ్లి క్యాసెట్ గుర్తు చేసింది. ఆరో అడుగు దగ్గర కరెంటు పోయింది కదా! మళ్లీ వచ్చేసరికి కెమెరా వంటశాలలో ఉంది, నువ్వు లడ్డూ తింటున్నావు. అంటే సాక్ష్యం ఆరడుగులకే ఉంది. అప్పటినుంచి నేను ఏది గట్టిగా మాట్లాడినా "ఏడోది ఇంకా పడలేదు" అంటోంది.

1999లో మా పెళ్లప్పుడు రాయించుకోవడం ఇష్టం ఉంటేనే. తప్పనిసరి చేస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చట్టం 2002లో వచ్చింది. దేశమంతటా అందరి పెళ్లిళ్లూ నమోదు కావాలని సుప్రీంకోర్టు చెప్పింది 2006 ఫిబ్రవరి 14న. ప్రేమికుల రోజే చూసి చెప్పిందా అని గుమాస్తాను అడిగితే, కోర్టులు అంత సరసమాడవన్నాడు.

ఇక అసలు లొల్లి. ఫోన్ చేస్తే మామయ్య "రాయించిన బిడ్డా, పెళ్లైన నెలకే ఆఫీసుకు పోయి రాయించిన" అన్నారు. నా ప్రాణం లేచి వచ్చింది. ఏ ఆఫీసు అని అడిగాను. మండలాఫీసు అట. ఏం రాయించారని తరచి తరచి అడిగితే చివరికి తేలింది: రేషన్ కార్డులోంచి మీ అక్క పేరు కొట్టేయించారు! ప్రభుత్వానికి మా పెళ్లి సంగతి బియ్యం తగ్గినప్పుడు తెలిసింది, అంతే.

అయినా ఆయన మాట పూర్తిగా కొట్టిపారేయలేం. ఆ రోజు ఇంకేదో ఆఫీసులో కూడా వేలిముద్ర పెట్టానంటున్నారు. అందుకని నువ్వు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు పోయి 1999 పెళ్లిళ్ల రిజిస్టరు వెతికించు. మా ఇద్దరి పేర్లు, తండ్రుల పేర్లు, ఊరు, తేదీ రాసి దరఖాస్తు ఇవ్వు. మీ ఇంటిపేరుతో వెతకమని చెప్పు, లక్ష్మీబెన్ అక్కడ దొరకదు. ఆ రిజిస్టరు చూడనివ్వాలనీ, రుసుము కడితే సర్టిఫైడ్ నకలు ఇవ్వాలనీ అదే ఎనిమిదో సెక్షన్‌లో ఉంది. కాబట్టి బతిమాలకు, మర్యాదగా అడుగు. జిల్లా దగ్గర తికమక పడకు. అప్పుడు కరీంనగర్ జిల్లా, 2016 నుంచి రాజన్న సిరిసిల్ల. అప్పుడు ఆంధ్రప్రదేశ్, 2014 నుంచి తెలంగాణ. ఊరు కదలలేదు, మా పెళ్లే జిల్లా దాటి రాష్ట్రం దాటింది.

దొరకకపోతే మేమే వచ్చి ఇప్పుడు రాయించుకుంటాం. దానికి శుభలేఖ, పెళ్లి ఫొటో, వయసు రుజువు, చిరునామా రుజువు, ముగ్గురు సాక్షులు కావాలి. వేములవాడ రాజన్న గుడిలో కట్టిన కళ్యాణం రసీదు మీ అమ్మ ట్రంకు పెట్టెలో ఉంటే అదీ తీసి పెట్టు. సూరత్‌లో ప్లేగు వచ్చింది 1994లో. ఐదేళ్ల తర్వాత కూడా "ఎలుకల ఊరికి పిల్లనియ్య" అని ఆమె పట్టుబట్టి, రాజన్నకు కోడెను మొక్కుకుని గానీ ఒప్పుకోలేదు. ఆ రసీదు ఆమె పారేసే రకం కాదు.

ఫొటోతోనే చిక్కు. ఆల్బమ్ మొత్తం తిరగేశాను. మా ఇద్దరి మధ్యలో నువ్వు లేని ఫొటో ఒక్కటి లేదు. తలంబ్రాల్లో నువ్వు, బాసికాల పక్కన నువ్వు, అరుంధతి చూపేటప్పుడు పైకి చూస్తున్నదీ నువ్వే. చూసినోడు ముగ్గురి పెళ్లి అనుకుంటాడు. సాక్షుల్లో ఒకడివి నువ్వే కాబట్టి ఆ ఫొటోనే నీకు గుర్తింపు కార్డు. లడ్డూ సంగతి అడిగితే తప్ప చెప్పకు.

చివరగా తేదీ. శుభలేఖలో 28-4-1999 బుధవారం రాత్రి, తెల్లవారితే గురువారం అని అచ్చేశారు. మన ముహూర్తాల తంతు తెలుసు కదా, జీలకర్ర బెల్లం పెట్టేసరికి అర్ధరాత్రి దాటింది. ఇన్నేళ్లుగా నేను 28న స్వీటు తెస్తాను, ఆమె 29న తినిపిస్తుంది. దరఖాస్తులో రెండు తేదీలూ రాయి, రెండు రోజులూ వెతికించు. కొత్తగా రాయించాల్సి వస్తే మటుకు నీ బావ మాట నిలబెట్టు. 28 వేయించు. శుభలేఖలో ముందు అచ్చైంది అదే.

ఇట్లు
నీ బావ

తా.క. తమ్ముడూ, నేను అక్కను. ఇది నేను మడిచి పోస్టు చేస్తున్నాను కాబట్టి చివరి మాట నాదే. 29.